గుమ్మడి పిందెకు ఎర్ర నూలు

"పాదు ముట్టకు. గింజ పెట్టింది కొమురమ్మ. నువ్వు దూరం నుంచి నీళ్లు పొయ్యి" అంది అత్త అచ్చమ్మ.

ఉప్పలమ్మ దూరం నుంచే పోసింది. పక్కింటి కొమురమ్మ నలుగురు పిల్లల తల్లి. అలాంటి చేయి గింజ పెడితేనే కాపు నిలుస్తుందని చివ్వెంల ఊళ్లో నమ్మకం. ఉప్పలమ్మకు పెళ్లయి ఆరేళ్లు. ఇంకా పిల్లల్లేరు. బావి నుంచి నీళ్లు తోడేది, పెంట ఎత్తేది, దడి కట్టేది ఆమె చేతులే. గింజ పెట్టడానికి మాత్రం అవి పనికిరావు.

నిరుడు గుమ్మడి పిందెలన్నీ పసుపెక్కి రాలాయి. గింజ పెట్టింది కొమురమ్మ, మాట పడింది ఉప్పలమ్మ. "గొడ్రాలి నీడ తగిలితె పిందె నిలుస్తదా?" అంది అత్త. ఈసారీ రాలితే ఈమెను చిలుకూరులోని పుట్టింటికి పంపి, పెన్‌పహాడ్ సంబంధం మాట్లాడతానని అత్త కొడుకుతో చెప్పింది. మొగుడు కోటయ్య బీడీ ముట్టించుకుని "నీ ఇష్టమవ్వా" అన్నాడు. అంతే.

ఆమెకు ఏడుపు రాలేదు. ఒకటే ఆలోచన. రజాకార్ల గొడవ ముదరకముందు ఇదే పెరట్లో పదకొండు కాయలు కాశాయి. అప్పుడూ నా నీడ ఇక్కడే ఉంది కదా? పిడకలు చరుస్తూ అదే, జొన్నలు విసురుతూ అదే. అప్పుడున్నదేమిటి, ఇప్పుడు లేనిదేమిటి? మూడో రోజు తట్టింది. చప్పుడు. అప్పట్లో తెల్లవారితే గుమ్మడి పూలలో జుమ్మని చప్పుడుండేది. దడి పక్కన తుమ్మచెట్టుకు తేనెపట్టు ఉండేది. నిరుడు ఎండాకాలం కోటయ్య పొగపెట్టి దాన్ని కోశాడు. సీసాడు తేనె వచ్చింది. చప్పుడు పోయింది.

ఆ తేనెటీగలను మళ్లీ పిలవాలి. ఎలా పిలుస్తారు? ఆమెకు తెలియదు. తులసి కంకులు తుంపడం మానింది. కొత్తిమీరను పూతకు వదిలేసింది. కుండ పెంకులో గులకరాళ్లు పేర్చి నీళ్లు పోసింది.

"ఏందే, పెరడా అడవా ఇది? పెంకుల నీళ్లేంది?"

"ఈగలకత్తా."

"మొగనికి చెంబు ముంచియ్య సోయుండదు, ఈగలకు పెడతదట!"

దడి అవతల కొమురమ్మ పకపకా నవ్వింది.

కరివేపాకు మీది పచ్చ పురుగులనూ ఆమె చంపలేదు. ఒకటి కొమ్మకు అతుక్కుని ఎండుటాకులా అయింది. పది రోజులకు అందులోంచి నల్ల సీతాకోకచిలుక బయటకొచ్చి రెక్కలు ఆరబెట్టుకుంది. అంత పని లోపల ఎప్పుడు చేసుకుందో! ఆమె చేట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అన్నం మాడింది. తిట్లు పడ్డాయి.

నెల తిరిగేసరికి తేనెటీగలు వచ్చాయి. గుమ్మడికి రెండు తీర్ల పూలు. ఒకటి ఉత్త కాడ మీద, ఇంకొకటి చిన్న పిందె మీద. ఈగ కాడ పువ్వులో పొర్లి, ఒళ్లంతా పసుపు పొడితో పిందె పువ్వులోకి దూరుతోంది. ఈగ దూరిన ప్రతి పిందెకూ, కొంగు అంచు నుంచి ఎర్ర నూలు పోగు లాగి కట్టింది. ముట్టకూడని చేతులతోనే కట్టింది. కట్టినవి ఆరు. అయిదు నిలిచాయి. కట్టనివన్నీ రాలాయి.

రాలిన పిందెను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. దీని తప్పేముంది? పొడి అందలేదు, రాలిపోయింది. మరి ఆ కాడ పువ్వును ఎవరూ ఏమీ అనరేం?

మొదటి కాయ పండిన రోజు అత్త మురిసిపోయింది. "నా మొక్కు ఫలించింది. గుమ్మడికాయ పెద్దకొడుకసుంటిది, మొదలు ఆడది కొయ్యొద్దు. ఏడున్నవురా కోటయ్యా, రా, గాటు పెట్టు."

కోటయ్య తుమ్మ కింద తల ఎత్తి చూస్తున్నాడు. "అవ్వా, పట్టు మల్ల పెట్టినయ్! రేపు పొగబెడత."

ఇద్దరూ అటే చూస్తుండగా వెనక కత్తిపీట కర్రుమంది. తిరిగి చూసేసరికి కాయ రెండు చెక్కలై ఉంది.

"అయ్యో అయ్యో, ఎంత పని చేస్తివే!" అత్త గుండె బాదుకుంది.

"నేనే కోసిన. గింజలు గూడ నేనే పెడత" అంది ఉప్పలమ్మ. మొగుడి వైపు చూసింది. "ఆ పట్టుకు పొగబెట్టినంక, పెన్‌పహాడ్ పిల్లను తెచ్చుకున్నా ఈ పెరట్ల కాయ నిలువదు. తప్పు పిందెది కాదు."

కోటయ్య నోట్లో బీడీ ఆరిపోయింది. ఆమె గింజలు బూడిదలో పొర్లించి, చేటలో ఎండకు పెట్టింది.