పూత ఆరేదాకా

తలుపు మీది ఆఖరి నెమలిని మెత్తని గుడ్డతో తుడిచి పనిమనిషి బాలమణి పక్కకు జరిగింది. జగదీశ్ ముక్కుకు గుడ్డ కట్టుకుని స్ప్రే గన్ అందుకున్నాడు. జూబ్లీహిల్స్‌లోని ఆ ఇంటి ఇత్తడి తలుపు నల్లబడకుండా రంగులేని మందు పూత వేయడం అతనికిది రెండోసారి. మొదటి పూతను ఊడగొట్టిన మహాతల్లి బాలమణే.

నిరుడు దసరాకి ముందు ఎవరూ చెప్పకుండానే పుట్టిన బుద్ధి అది. ఇత్తడి కనిపిస్తే చింతపండు పెట్టి తోమందే ఊరుకోని చేతులాయె. నెమళ్ళు తళతళలాడాయి. నెల తిరక్కుండా తలుపంతా మచ్చలు పడ్డాయి. అప్పటినుంచి రోజూ పొద్దున్నే దాన్ని తోమడం ఆమె పనిలో చేరింది. చేసుకున్నవారికి చేసుకున్నంత. వేళ్ళు పగిలినా నోరు మెదపలేదు.

ఈరోజు మాత్రం మెదిపి సెలవడిగింది. తల్లి లేని తనను పెంచిన అక్క కొమురమ్మ ఆస్పత్రిలో ఉంది. అక్క కొడుకు నవీన్ తెల్లారకముందే ఫోన్ చేసి రమ్మన్నాడు. ఇంటావిడ పుష్పవల్లి కాదనలేదు. సాయంత్రం సినిమావాళ్ళు వస్తారని, అందాకా తలుపుకి ఎవరి చెయ్యీ తగలకుండా చూడమని, పూత ఆరగానే వెళ్ళమని చెప్పింది. పాడుచేసింది తనైనప్పుడు కాపలా కూడా తనదే అనుకుంది బాలమణి.

జగదీశ్ వెళ్తూ, అదే పూత వేసిన చిన్న ఇత్తడి ముక్కను స్టూలు మీద పెట్టాడు.

"తలుపును అస్సలు ముట్టొద్దమ్మా. గీ ముక్కను ముట్టి చూడు. ఏలికి అంటకుంటే ఆరినట్టు."

ముసురు పట్టింది కాబట్టి ఆలస్యం కావచ్చన్నాడు.

బాలమణి ముట్టి చూసింది. అంటుకుంది. కాసేపాగి ఇంకోచోట ముట్టింది. అక్కడా అంటుకుంది. అక్కను కడసారి చూడలేనేమోనని భయం పట్టుకుంది. పెరటి దారిన వెళ్ళిపోదామని రెండుసార్లు లేచింది, మళ్ళీ పాడైతే ఏ మొహం పెట్టుకుని రావాలని కూలబడింది. అంతలో నవీన్ మళ్ళీ ఫోన్ చేశాడు.

"చిన్నమ్మా, నిన్నే అడుగుతున్నది."

"గిప్పుడే బయల్దేరుతున్న బిడ్డా," అని అబద్ధమాడి, మళ్ళీ ముక్కను ముట్టింది.

మధ్యాహ్నం దాటాక వేలికి ఏమీ అంటలేదు. పుష్పవల్లికి చెప్పి కొంగు సర్దుకుంటుంటే ఫోను మోగింది. నవీన్ ఏడుపు ఒక్కటే వినిపించింది.

"అయ్యో, అంత బాగోలేదని పొద్దున్నే చెప్పొచ్చు కదే," అంది పుష్పవల్లి. ఆమె నిజంగానే బాధపడింది.

బాలమణి పెరటి గుమ్మంలోంచి వానలోకి దిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం వచ్చినవాళ్ళంతా తలుపు ముందు నిలబడి ఫొటోలు దిగారు. పక్కన స్టూలు మీద ఇత్తడి ముక్క, వేలెడు చోటు మిగలకుండా, బాలమణి వేలిముద్రలతో గట్టిపడి ఉంది.