కోయకుండా కొలిచేవాడు

ఆదిశేషు యురేనియం కలిసిన లోహపు రేకు అంచుని ఆకురాయితో అరగదీసి, రాలిన పొడిని కాగితం మీద పోసి తూచాడు. కోరాపుట్‌లోని ఆ ప్రయోగశాలలో పందొమ్మిదేళ్లుగా ఆయన పని అదే. పొడిని యాసిడ్‌లో కరిగించి, రేకులో యురేనియం ఎంతుందో చెప్పాలి. ఒక్కో రేకుకి ఒక పూట పోయేది. వేళ్ల కొసలు పచ్చబారి, గోళ్లు పెళుసెక్కిపోయాయి.

ప్లైవుడ్ అడ్డుగోడకి అవతల శంకరరావు ఉండేవాడు. పార్వతీపురం నుంచి వచ్చినవాడు, బొంబాయిలో శిక్షణ పొందాడు. రేకుని మైనపు దిమ్మల మధ్య పెట్టి, న్యూట్రాన్లు తాకించి, లోపలి యురేనియం పగిలినప్పుడు బయటికొచ్చే న్యూట్రాన్లను యంత్రంతో లెక్కపెట్టేవాడు. పది నిమిషాల పని. రేకు మీద గీతైనా పడేది కాదు. రెండేళ్లుగా ఆఫీసర్లు అటే వెళుతున్నారు. వాళ్ల నవ్వులు అడ్డుగోడ దాటి వినిపించినప్పుడల్లా ఆదిశేషుకి కడుపు మండేది.

ఎండలు ముదిరి కుళాయి కట్టేస్తుంటే, ఆయన ఒక నీళ్ల పీపా తెచ్చి తన వైపు నుంచి అడ్డుగోడకి ఆనించాడు. అప్పటినుంచే యంత్రం యురేనియం ఉన్నదానికన్నా ఎక్కువ చూపించడం మొదలైంది. పీపా ఖాళీ అయిన ఒక సాయంత్రం మాత్రం రిజిస్టరులో ఒకే రేకుకి ఇద్దరూ రాసిన అంకెలు కలిశాయి. మైనంలాగే నీళ్లు కూడా న్యూట్రాన్లను వెనక్కి తిప్పుతాయని శంకరరావే ఒకసారి చెప్పాడు. ఆదిశేషుకి సంగతి అర్థమైంది. మర్నాడు పీపాని అంచుదాకా నింపాడు.

ఆఫీసర్లు సరిచూస్తే ఇవాళ మూడోసారి కూడా అంకెలు కలవలేదు. యంత్రాన్ని కట్టి బొంబాయి తీసుకుపొమ్మని పెద్ద ఆఫీసరు శంకరరావుకి చెప్పేశాడు.

మధ్యాహ్నం శంకరరావు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నీ లెక్క తప్పదు బాబాయ్. నా మిషన్‌కే ఏటో అయింది. ఏటయిందో తెలకండానే ఎల్లిపోతన్నాను."

ఆదిశేషు బీకరు కడుగుతూనే ఉన్నాడు. కడిగిందే మళ్లీ కడిగాడు.

"దారి జాగర్త," అన్నాడు చివరికి.

నాలుగింటికి శంకరరావునీ యంత్రాన్నీ ఎక్కించుకున్న లారీ రాయగడ వైపు కొండ దిగిపోయింది.

ఆదిశేషు మొదటిసారి అవతలి గదిలోకి వెళ్లాడు. మైనం వాసన ఇంకా పోలేదు. గోడకి ఒక గ్రాఫు కాగితం ఉంది. యంత్రం చూపే అంకెకి యురేనియం ఎంతో తేల్చే గీత, ఏడు చుక్కలని కలుపుతూ గీసింది. ప్రతి చుక్క పక్కనా పెన్సిలుతో చిన్న అక్షరాలు: 'ఆదిశేషు బాబాయి కరిగించి చెప్పినది'.

ఆయన వాటిని ఏడుసార్లూ చదివాడు. తర్వాత తన గదికొచ్చి, పీపాని రెండు చేతులతో పట్టి వంచేశాడు. నీళ్లు చెప్పులని తడుపుకుంటూ వసారాలోకి పోయాయి.

అవతలి గదిలో కాగితం ఒక్క పిన్ను మీద గాలికి లేస్తూ, మళ్లీ గోడని తాకుతూ ఉంది.