ఆ ఒర ఎవరిది?

మా నాన్న హలోమొవాన్ పందొమ్మిదేళ్ల వయసులో, కొబ్బరి మోసుకెళ్లే పడవలో వంటపని చేసేవాడు. నియాస్ దీవి పడమటి ఒడ్డున ఆ పడవ బండలకు కొట్టుకుని ముక్కలైంది. నాన్నకు కాలు విరిగింది, జ్వరం పట్టుకుంది, నెల రోజులు ఒళ్లు తెలియలేదు. నీళ్లలోంచి ఎవరో లాగడం, వీపున మోయడం, నోట్లో జావ పోయడం, ఇంతవరకే గుర్తు. తెలివి వచ్చేసరికి ఆ దీవిలోని గునుంగ్‌సితోలి రేవు దాటి, మా ఊరు సిబోల్గా వచ్చే పడవలో పడుకుని ఉన్నాడు. పక్కన ఒరలో పెట్టిన ఒక పాత కత్తి. అది ఎవరిదో చెప్పేవాళ్లు లేరు.

అప్పటినుంచి భోజనం ముందు ప్రార్థనలో ఇంటిల్లిపాది పేర్లూ అయ్యాక నాన్న "పేరు తెలియని ఆయన" అని ఒక మాట కలిపేవాడు. నా పిల్లలు చిన్నప్పుడు ఆయన మాకు దూరపు బంధువేమో అనుకునేవాళ్లు.

పోయిన ఏడాది, నేను బడి ఉద్యోగం నుంచి రిటైరైన వారానికే నాన్న అడిగాడు.

"రొస్మా, నాకు ఎనభై రెండొచ్చాయి. ఆయన ఈపాటికి ఉండడు. పిల్లలుంటారుగా, ఒక్కసారి కనబడి కృతజ్ఞత చెప్పి వద్దామే."

"ఏ ఊరని వెళ్దాం నాన్నా?"

"కత్తినే అడుగుదాం."

మా బటాక్ వాళ్లు గౌరవించాల్సిన మనిషి భుజాలమీద కప్పే ఉలోస్ శాలువా ఒకటి నాన్న మడతపెట్టి పెట్టెలో పెట్టుకున్నాడు. మర్నాడే బయల్దేరాం.

గునుంగ్‌సితోలిలో కత్తి పిడులు చెక్కే ముసలాయన ఉన్నాడని రేవులో చెప్పారు. అక్కడ పెద్దవాళ్లను మొదటి బిడ్డ పేరుతోనే పిలుస్తారు. ఈయన తెమజారో తండ్రి, అందుకని ఆమా తెమజారో. కత్తిని ఒళ్లో పెట్టుకుని, ముందు ఒరను ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూశాడు.

"కత్తి మా దీవి దక్షిణాదిది," అన్నాడు. "చివరికి పోనుపోను ఎంత వెడల్పవుతోందో చూడండి. పిడి మీద మా పాత కథల మృగం లసారా తల నోరు తెరుచుకుని ఉంది కదా, ఆ కోరలు అలా చెక్కడం మా ఉత్తరాదివాళ్ల చేతకాదు, ఒప్పుకుంటాను. ఒర మాత్రం మాదే."

"అదేమిటి ఆమా, కత్తి ఒకచోటిది, ఒర ఇంకోచోటిదా?"

"తెచ్చింది మీరు, అడిగేది నన్నా!" అని నవ్వి, టార్చి వేసి ఒర లోపల చూశాడు. నవ్వు ఆగిపోయింది. "ఇది సన్నకత్తి ఒరమ్మా. ఈ వెడల్పు కత్తి పట్టడానికి లోపలంతా చాకుతో గీకారు. ఎవరో తన కత్తిని ఒట్టిగా ఉంచుకుని, దాని ఒర మీకిచ్చాడు."

నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇద్దరు, రొస్మా. నీళ్లలోంచి లాగినవాడు మాట్లాడిన యాస వేరు, జావ పోసినవాడి యాస వేరు. జ్వరంలో నా చెవులే బాగాలేవనుకున్నాను. ఇన్నేళ్లూ ప్రార్థనలో 'పేరు తెలియని ఆయన' అని ఒక్కరినే తలిచి, రెండో ఆయన్ని వదిలేశానే!"

ఏడ్చేశాడు.

"ఊరుకోండి అన్నా," అన్నాడు ఆమా తెమజారో. "మీరు ప్రార్థనలో ఫలానా అని పేరు చెప్పలేదుగా. ఇద్దరికీ పంచడం దేవుడికి రాదంటారా?" ఒర మూతి దగ్గర పేము అల్లిక మీద వేలు పెట్టాడు. "ఈ ముడి పడమటి ఒడ్డున ఆఫులు పైన ఒకే ఒక్క కొండ ఊళ్లో చూశాను. వెళ్లి అడగండి."

ఆ ఊళ్లో ఒర చూపిస్తే ఇనా యార్ని, అంటే యార్ని తల్లి, ఇంటికి పంపారు. డెబ్బై ఏళ్లుంటాయి, అరుగు మీద చిలగడదుంపలు చెక్కు తీస్తోంది. మాకు తాంబూలం ఇచ్చాక ఒరను చూసింది. లోపలికి వెళ్లి, గుడ్డలో చుట్టిన సన్నకత్తి ఒకటి తెచ్చింది. దాన్ని ఒరలో పెట్టింది. లోపల వదులై గలగలలాడింది.

"మా నాన్నది. నా పెళ్లికి కూడా ఇలా గుడ్డ చుట్టుకునే వచ్చాడు. జనం నవ్వితే, 'దాని ఒర సిబోల్గాలో కాపురముంది, మీకేం?' అనేవాడు."

ఆవిడ చెప్పగా తెలిసింది. దక్షిణాది పడవవాడు ఒకడు నాన్నను మోసుకొచ్చి వాళ్ల గుమ్మంలో దించాడట. "ఇతని తిండికి ఇది అమ్ముకోండి" అని ఒర లేని తన కత్తి వదిలి, గాలి మారేలోగా వెళ్లిపోయాడట. ఆవిడ తండ్రి దాన్ని అమ్మలేదు. ఒట్టి కత్తితో పడవ ఎక్కనివ్వరని, తన ఒర లోపల గీకి, కత్తి పట్టించి, రోగితోపాటే పంపేశాడు.

నాన్న ఒర తిరిగి ఇవ్వబోతే ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఆయనిచ్చింది నేను పుచ్చుకుంటే కలలోకొచ్చి తిడతాడు."

నాన్న ఉలోస్ తీసి ఆవిడ భుజాలమీద కప్పాడు. వాళ్ల భాషలో ధన్యవాదం చెప్పడానికి దారంతా నేర్చుకున్న మాట, "సావొహాగొలో," అన్నాడు. ఆవిడ శాలువాను దగ్గరికి లాక్కుని అడిగింది.

"ఇంతకీ కాలు అతుక్కుందా అన్నయ్యా? మా అమ్మ పోయేదాకా అడుగుతూనే ఉంది."

నాన్న అరుగు దిగి, ఆవిడ ముందు అటూ ఇటూ నడిచి చూపించాడు.

దక్షిణాది ఆయన పేరు ఆవిడకూ తెలియదు. అయినా దక్షిణాదికి వెళ్లాం. కమ్మరులు కత్తి చూసి తమ వైపుదే అన్నారు, ఎవరిదో చెప్పలేకపోయారు. చివరికి నాన్న సముద్రపు ఒడ్డున వల బాగుచేసుకుంటున్నవాళ్లలో అందరికన్నా పెద్దాయన ముందు ఆగి, ఉలోస్ ఒకటే తెచ్చాం కాబట్టి, నా భుజం మీది శాలువా అడిగి తీసుకుని ఆయనకు కప్పాడు.

"నేనేం చేశానయ్యా?" అని కంగారుపడ్డాడు ఆయన.

"మీవాళ్లలో ఒకరు చేశారు," అని నాన్న కథంతా చెప్పాడు.

విని ఆయన వల పక్కన పెట్టి, పడవలు లాగుతున్నవాళ్లందరినీ కేకేసి పిలిచాడు. వాళ్లు వచ్చి ఇసుకలో కూర్చున్నాక, "ఇప్పుడు మళ్లీ మొదటినుంచి చెప్పండి," అన్నాడు. నాన్న చెప్పాడు.