దూడలకు తెలియని నొప్పి

ఉదయం ఏడింటికల్లా టీకాలావిడ పాల ఫారంలో ఉంది. ఐస్ డబ్బాలోంచి మందు సీసా తీసి, అరచేతుల మధ్య దొర్లించి, సిరంజిలోకి ఎక్కించింది. దూడలకు గాలికుంటు రాకుండా వేసే టీకాల్లో ఇది రెండో విడత. సూది పడ్డ దూడకల్లా వీపు మీద నీలం సుద్దగీత.

ఆవిడకు అన్ని ఫారాల్లోనూ గిరాకీ. ఆవిడ సూది వేస్తే దూడకు నొప్పి తెలియదు. ఆ నొప్పి ఆవిడ ఎడమ భుజానికి వస్తుంది. పన్నెండేళ్లుగా అంతే.

చలికాలంలో జ్వరమొచ్చి ఆవిడ పాప పోయింది. అప్పట్నుంచి ఆవిడకు ఏడుపు రావడం లేదు, అన్నం రుచి తెలియడం లేదు, భుజం నొప్పీ లేదు. పోయిన నొప్పి ఎటు పోయిందని ఎవరు మాత్రం వెతుక్కుంటారు?

"మెల్లగా వెయ్యమ్మా, ఇది కొత్తల్లుడి టైపు, ఊరికే అలుగుతుంది," అన్నాడు ఫారం యజమాని, తెల్లమచ్చ దూడ మెడ పట్టుకుని.

సూది దిగింది. దూడ గడ్డి నమలడం ఆపలేదు. ఆవిడకూ చీమ కుట్టినట్టయినా లేదు.

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"రాను బాబాయ్. రేపు మా అక్క దగ్గరికి వెళ్లిపోతున్నా. ఇక అక్కడే."

"మరి మీ ఆయన?"

"ఆయనకేం, నిమ్మకు నీరెత్తినట్టున్నాడు. పాప పోతే కంట చుక్క రాలేదు. ఆ మనిషితో ఎలా ఉండను?"

యజమాని ఇంకో దూడను పట్టుకొచ్చాడు. మొత్తం ముప్పై ఆరు అయ్యాయి.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి భర్త కుట్టుమిషను ముందు చొక్కా విప్పి కూర్చున్నాడు. పక్కనే వేణ్నీళ్ల గిన్నె. ఎడమ భుజం ఉబ్బి నల్లబడి ఉంది. దాని నిండా సూదిపోట్లు, కొన్ని ఇంకా ఎర్రగా.

"ఇవాళ చాలా దూడలున్నట్టున్నాయే," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"పాప పోయినప్పట్నుంచి."

"నాకు చెప్పొద్దూ!"

"నీకున్నది చాలదా? ఇదొక్కటీ నా దగ్గరుండనీ అనుకున్నా."

ఆవిడకు సిగ్గేసింది. గుడ్డ ముంచడానికి గిన్నెలో చెయ్యి పెట్టింది. వేళ్లు చురుక్కుమన్నాయి.

"అబ్బా!" అంది. దాని వెనకే ఏడుపు వచ్చింది. ఏడుపు తెరిపిచ్చాక, సాయంత్రం అక్కకు ఫోన్ చేసి రానని చెప్పింది.