అడగడం నేర్వని పెన్‌డ్రైవ్

నేను ఒక పెన్‌డ్రైవ్‌ని. బొటనవేలంత ఉంటాను, మూత ఎప్పుడో పోయింది. ఏ పెళ్ళి ఫొటోలనో మోస్తూ హాయిగా బతికేస్తాననుకున్నాను గానీ, విజయనగరంలో ఒక పెద్ద ఆస్పత్రివాళ్ళు కొనుక్కెళ్ళి గవరయ్య చేతిలో పెట్టారు.

గవరయ్య అక్కడి కంప్యూటర్లు చూసేవాడు. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మనిషే. రోగుల వివరాలు దాచే సర్వర్లు ఇరవై ఉండేవి. దీపావళిలోగా వాటన్నిటిలో పాత సాఫ్ట్‌వేరు తీసి కొత్తది వేస్తే పర్మినెంటు చేస్తామని పెద్ద ఆఫీసరు మాటిచ్చాడు. ఒక్కోదానికి ఒక పూట పట్టేది. ఎందుకంటారా? ఏ డిస్కులో వేయను, పాతది చెరిపేయనా, నిజంగానే చెరిపేయనా అని అది ఊరికే ప్రాణం తీస్తుంది. మనిషి పక్కన కూర్చుని అవును, అవును అంటూ ఉండాలి.

గవరయ్య వారం రోజులు బుర్ర బద్దలుకొట్టుకుని, కొత్త సాఫ్ట్‌వేరును తనకు కావలసినట్టు మలిచి నాలో పెట్టాడు. ప్రశ్నలన్నిటికీ జవాబులు ముందే రాసేశాడు. ఆన్ కాగానే ముందు నా వైపే చూసేలా సర్వర్లనూ మార్చాడు. ఇక నన్ను గుచ్చి స్విచ్ వేస్తే పావుగంటలో పని పూర్తి. అడిగేవాళ్ళంటే మనుషులకు ఎంత విసుగో నాకప్పుడే తెలిసింది.

ముందు సర్వర్లోని వివరాలకు నకలు తీసి దాచుకుని, ఆ తర్వాతే నన్ను గుచ్చేవాడు. అలా పందొమ్మిది అయ్యాయి. ఇరవయ్యోది కేన్సరు వార్డుది, అన్నిటికన్నా పెద్దది. దాని నకలుకే రెండు రోజులు పడుతుందని, ఆయుధపూజ కాగానే మొదలుపెడదామనుకున్నాడు.

పూజ రోజు సర్వర్లను గంటసేపు ఆపి, తుడిచి బొట్లు పెట్టారు. నన్ను స్క్రూడ్రైవర్ల పక్కన బల్లమీద పెట్టాడు. రికార్డుల సెక్షను పైడమ్మకు అది నచ్చలేదు. గవరయ్యను సొంత తమ్ముడిలా చూసుకునే మనిషి ఆవిడ.

“పందొమ్మిదింటిని గట్టెక్కించినాది గదా, దాన్నలా పడేస్తావేటి తమ్ముడూ? పనిముట్టు పనిలో ఉండగా పూజ సెయ్యాల. ఆ పెద్దదానికి గుచ్చు.”

గవరయ్య నవ్వి గుచ్చాడు. నాకూ కుంకుమ పెట్టారు, హారతిచ్చారు. ఓపీలో జనం ఆగిపోయారు, తొందరగా ఆన్ చెయ్యమని కబురొచ్చింది. అతను స్విచ్ వేసి, పులిహోర కోసం చెయ్యి చాచాడు. నన్ను తీయడం మరిచిపోయాడు.

అయ్యో, ఒక్క ప్రశ్న అడగడం వచ్చినా బాగుండేది! పావుగంటలో రోగుల ఎనిమిదేళ్ళ వివరాలు తుడిచేసి, కొత్తది శుభ్రంగా వేసి కూర్చున్నాను. పోయినవాటిని తిరిగి తీస్తారేమోనని హైదరాబాదు నుంచి పిలిపించినవాళ్ళు చూసి పెదవి విరిచారు.

విచారణలో, గుచ్చమన్నదెవరని మూడుసార్లు అడిగారు. నా అంతట నేనే గుచ్చానన్నాడు గవరయ్య. పైడమ్మ గుమ్మం దగ్గరే ఉంది, లోపలికి అడుగు పెట్టలేదు. ఆమె రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. పర్మినెంటు మాట దేవుడెరుగు, అతనికి ఉన్న కాంట్రాక్టూ ఊడింది.

నన్ను కవరులో పెట్టి, సీలు వేసి ఆమె బీరువాలోనే పడేశారు. ఏ మందు ఇచ్చేవారు, రేడియేషన్ కరెంటు ఎన్నిసార్లు పెట్టారు అని ఆమె రోజూ రోగులను అడుగుతూంటే వింటుంటాను. చాలామందికి గుర్తుండదు.

మొన్న గవరయ్య ఇక్కడ పనిచేసినట్టు కాగితం కోసం వచ్చాడు. చిక్కిపోయాడట, ఎవరో అన్నారు. పైడమ్మ కుర్చీలోంచి లేచి, ఇప్పుడే ఆఫీసరు దగ్గరకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేస్తానంది.

“ఊరుకో అక్కా. గుచ్చింది నా సెయ్యే గదా.”

ఆమె ఊరుకుంది.