గ్లూకోజ్ బిళ్ళలకి కాపలా

నాకు షుగర్ ఉందని తెలిసిన రోజున మా ఇంట్లో తీసుకున్న మొదటి నిర్ణయం, ఆ సంగతి నలుగురికీ తెలియకూడదన్నది. మందులు ఎలా వాడాలన్నది రెండో నిర్ణయం. పక్కింటివాళ్ళకి మా ఆవిడ "ఆయనకి కొంచెం గ్యాసండీ" అని చెప్పింది. గ్యాస్ పరువైన జబ్బు, ఎవరి ముందైనా చెప్పుకోవచ్చు. ఇన్సులిన్ పెన్నుని కళ్ళజోడు పెట్టెలో దాచాం. అందులోని కళ్ళజోడు ఎక్కడ పెట్టామో ఇంతవరకు తెలియలేదు.

పిల్లలకి మాత్రం చెప్పక తప్పలేదు. భోజనానికి ముందు నేను పొట్టలో పొడుచుకుంటుంటే ఇద్దరూ తలుపు సందులోంచి చూసేస్తున్నారు. పెద్దదానికి ఎనిమిదేళ్ళు. ప్రతిదానికీ వాదిస్తుందని దాన్ని లాయరమ్మ అంటాం. చిన్నదానికి ఐదు. అది వాదించదు. ఏం చెప్పినా నమ్మేస్తుంది.

నేను కారు డ్రైవింగ్ నేర్పేవాణ్ణి. అర్థమయ్యేలా చెప్పడమే నా వృత్తి, నాకు వదిలెయ్యమన్నాను. ఇద్దర్నీ సోఫాలో కూర్చోబెట్టి ఇన్సులిన్ తయారుచేసే క్లోమం బొమ్మ గీశాను. అది చెప్పులా వచ్చింది.

"నాన్నకి ఇది సరిగ్గా పనిచెయ్యట్లేదు" అన్నాను.

"ఇంకో జత కొనుక్కో" అంది చిన్నది.

మా ఆవిడ నా చేతిలోంచి కాగితం లాక్కుంది. "పాఠాలు చాల్లెండి. ఇలా చూడండే ఇద్దరూ. నాన్నకి తీపి అంటే విషం. తింటుంటే చూస్తూ ఊరుకోకండి. అర్థమైందా?"

ఇద్దరూ తలూపారు. ఎంత బాగా చెప్పావే అని నేనే మెచ్చుకున్నాను.

అప్పట్నుంచి నా మీద నిఘా మొదలైంది. కారు డాష్‌బోర్డు తెరిచి వెతికేవారు. జేబులు వాసన చూసేవారు. ఎవరిదో పుట్టినరోజుకి వెళితే, కేకు ముక్క నా నోటిదాకా వచ్చేసరికి లాయరమ్మ మేం నేర్పినట్టే అందరి ముందూ "నాన్నా, గ్యాస్!" అని కేకపెట్టింది. గదిలో ఉన్నవాళ్ళంతా నాకు కాస్త దూరం జరిగారు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం నేనూ పిల్లలూ ఇంట్లో ఉన్నాం. మా ఆవిడ సినిమా హాల్లో టికెట్లిస్తుంది. ఆ రోజు కొత్త సినిమా విడుదల. అలాంటి రోజున ఆవిడ ఫోనెత్తాలంటే హాలు తగలబడాలి. నేను ఇన్సులిన్ వేసుకుని, పిల్లలకి పెట్టి, నా కంచం ముందుకి లాక్కున్నాను. ఫోను మోగింది. నా దగ్గర నేర్చుకుంటున్న ఆడిటర్ గారు.

"గురువుగారూ, ఇరుక్కుపోయానండీ."

"ఎక్కడ?"

"షాపు సెల్లారులో, రెండు స్తంభాల మధ్య. ముందుకెళ్తే గీసుకుంటోంది, వెనక్కెళ్తే గీసుకుంటోంది."

"మరి లోపలికెలా వెళ్ళారండీ?"

"అదే ఆలోచిస్తున్నానండీ."

"సరే, స్టీరింగ్ ఎడమకి తిప్పండి."

"ఎవరి ఎడమకండీ?"

ఆయన్ని బయటికి లాగేసరికి కంచంలో అంతా చల్లారిపోయింది. నాకు మాత్రం చెమటలు పడుతున్నాయి. ఫోను కింద పెట్టబోతే చెయ్యి వణికింది. గోడ గడియారం మీద కారణం లేకుండా కోపం వచ్చింది. ఇదే డాక్టరమ్మ చెప్పిన లో షుగర్. ఒంట్లో చక్కెర బాగా పడిపోతే వణుకొస్తుంది, అప్పుడు ముందు గ్లూకోజ్ బిళ్ళలు నమలాలి, భోజనం తర్వాత. ఆలస్యం చేస్తే స్పృహ తప్పుతుంది. బిళ్ళల డబ్బా సొరుగులోనే ఉంది. మూత తీశాను. ఖాళీ.

"ఇందులో బిళ్ళలేవే?" అన్నాను. మాట ముద్దగా వచ్చింది.

లాయరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "తీసేశాం. తియ్యగా ఉన్నాయి, నాకి చూశాం. ఇంట్లో విషం దాచుకుంటావా నాన్నా?"

"ఇచ్చెయ్యి తల్లీ. ఇప్పుడు తినాలి."

"సిగరెట్లు కాల్చేవాళ్ళు కూడా అలాగే అంటారని మా టీచర్ చెప్పింది."

లేచి వంటింట్లోకి పోదామంటే కాళ్ళు నావి కావు. ఎదురుగా ఇద్దరు కాపలాదార్లు. కాపలా పెట్టింది మేమే. వీళ్ళకి అర్థమయ్యేలా చెబితేనే నేను లేస్తాను, లేకపోతే లేదు. బొమ్మ గీసే ఓపిక లేదు.

"లాయరమ్మా, నా కారులో పక్క సీటు దగ్గర కూడా బ్రేకుంటుంది. ఎందుకు?"

"నేర్చుకునేవాళ్ళు స్పీడుగా పోతే నువ్వు తొక్కడానికి."

"ఇన్సులిన్ ఆ బ్రేకే. ఒంట్లో చక్కెర స్పీడెక్కకుండా తొక్కుతాను. ఇవాళ తొక్కేసి, తినకుండా ఫోన్లో కూర్చున్నా. బండి నడిరోడ్డు మీద ఆగిపోతోంది. ఏం చెయ్యాలి?"

"యాక్సిలరేటర్ తొక్కాలి."

"ఆ బిళ్ళలు అవే."

"మరి అమ్మ విషమందిగా?"

"అమ్మ తప్పు చెప్పింది."

"ఆ మాట అమ్మ ముందు అంటావా?"

"అంటాను." ఆ పరిస్థితిలో నేను దేనికైనా ఒప్పుకునేవాణ్ణి.

కేసు గెలిచినట్టే అనిపించింది. లాయరమ్మ చెల్లెలివైపు తిరిగి "ఏయ్, ఇచ్చెయ్యవే" అంది. చిన్నది కదల్లేదు. మొహం పాలిపోయింది.

"లేవు. తినేశా."

"అన్నీ?"

"నిన్న. చెత్తబుట్టలో వేస్తే నాన్న తీసుకుంటాడుగా." నా వైపు చూసింది. "నాన్నా, నేనెప్పుడు చచ్చిపోతా?"

జవాబు నాకు తెలుసు. గట్టిగా, వెంటనే చెప్పాలి. నాలుక తిరగలేదు. పెదాలు కదిపాను, ఏదో గొణుగుడు వచ్చింది. అది చూసి చిన్నదాని కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. నాన్నకే మాట రావట్లేదంటే విషయం గట్టిదే అనుకున్నట్టుంది.

లాయరమ్మ వాదన మానేసి వంటింట్లోకి పరిగెత్తింది. స్టూలు ఈడ్చిన చప్పుడు, డబ్బా పడ్డ చప్పుడు. గ్లాసు నీళ్ళు తెచ్చింది. పంచదార చెంచాతో కాదు, గుప్పిటతో వేసింది, అడుగున ఇసకమేటలా ఉంది. నేను తాగుతుంటే ప్రతి గుక్కకీ నా మొహంలో మొహం పెట్టి "బండి కదిలిందా?" అని అడిగింది.

కాసేపటికి కదిలింది. ముందు గడియారం మీద కోపం పోయింది. తర్వాత చేతులు నిలకడకొచ్చాయి. చిన్నదాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను.

"నీకేం కాదే బంగారం. అది విషం కాదు."

"అమ్మ చెప్పింది."

"నాన్న ఎక్కువ తింటే నాన్నకి చెడ్డది. నీ ఒంట్లో బ్రేకు దానంతటదే తొక్కుకుంటుంది. నిన్న తిన్నావుగా, కడుపు నొప్పొచ్చిందా?"

"లేదు. బాగున్నాయి."

"మరి?"

అది చాలాసేపు నా మొహం చూసింది, అబద్ధం ఎక్కడైనా కనబడుతుందేమోనని. తర్వాత ఊపిరి వదిలింది. అంత పెద్ద ఊపిరి అంత చిన్న ఒంట్లో ఎలా పట్టిందో తెలియదు.

"అయితే నా రంగుపెన్సిళ్ళు?" అంది ఉన్నట్టుండి.

"ఏమయ్యాయి?"

"పక్కింటి పాపకిచ్చేశా. పోయేటప్పుడు నాకెందుకని."

షుగర్ మీటరు పెట్టి చూసుకుని, చల్లారిన భోజనం తిని, చిన్నదాన్ని చంకనెత్తుకుని పక్కింటి తలుపు కొట్టాను. పాపే తీసింది. వెనకాల వాళ్ళమ్మ నిలబడింది.

"పెన్సిళ్ళు ఇచ్చెయ్" అంది మా చిన్నది.

"చచ్చిపోతానన్నావుగా?"

"క్యాన్సిల్ అయింది. షుగర్ మా నాన్నకి, నాకు కాదు."

వాళ్ళమ్మ నన్ను చూసింది. "అవునండీ, షుగరే" అన్నాను. ఆవిడ "అలాగా, కూర్చోండి" అని ఫ్యాను వేసింది. ఇంతకుమించి ఏమీ జరగలేదు. దీనికోసమా మేం కళ్ళజోడు పోగొట్టుకున్నది అనిపించింది.

పెన్సిళ్ళ పెట్టె చేతికొచ్చింది. చిన్నది గుమ్మంలోనే తెరిచి చూసుకుంది. ఊదారంగు పెన్సిలు లేదు. పాప దాన్ని చెక్కి చెక్కి అవగొట్టేసిందట. ఒక రోజంతా చావుకి ఎదురుచూస్తూ కిక్కురుమనని పిల్ల, ఊదారంగు పెన్సిలు కోసం మెట్లన్నీ దద్దరిల్లేలా ఏడుపు లంకించుకుంది.

నేను ఊరుకోమనలేదు. భుజం మీద వేసుకుని, ఆ ఏడుపు వింటూ తీరిగ్గా ఇంట్లోకి నడిచాను.