ఎర్రబడని అరచెయ్యి

మలేసియాలోని సుంగై సుమున్ అనే ఊరి ఆడవాళ్ల సాఫ్ట్‌బాల్ జట్టులోకి మోహనప్రియను మళ్లీ తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్న ఆ ఊళ్లో ఎవరికీ రాలేదు. రేపు కూడా పొద్దు పొడవాలా వద్దా అని ఎవరైనా సభ పెడతారా? ఆ ప్రశ్న వచ్చింది ఒక్క సుమతికే. అదీ బుర్రలోంచి కాదు, ఎడమ అరచేతిలోంచి వచ్చింది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. మోహనప్రియ బంతి విసురుతుంది. చెయ్యి గిర్రున ఒక చుట్టు తిప్పి, నడుం పక్కనుంచి వదిలేస్తుంది. బ్యాటు పట్టుకున్న మనిషి వెనక గొంతుకూర్చుని, తోలు గ్లౌజుతో ఆ బంతిని పట్టేది సుమతి. జట్టుకు కెప్టెన్ కూడా ఆమే. పదకొండేళ్లుగా మైదానంలో ఇదే వరస. ఇంట్లో వరస వేరు, మోహనప్రియ సుమతికి మొగుడి చెల్లెలు. ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు గానీ, ఈ ఆడబిడ్డ వదిన మాట జవదాటి ఎరగదు. పెళ్లి మాట ఎత్తితే మాత్రం బంతి చేతబట్టుకుని బడి మైదానానికి వెళ్లిపోయే రకం.

మరి ఆ బంతి అంటే మాటలా? ప్రతి మ్యాచ్ అయ్యాక సుమతి అరచెయ్యి ఎర్రగా కంది పూరీలా పొంగేది. ఐసు తురుము మీద తీపి పాకం పోసి అమ్మే ఐస్ కచాంగ్ బండివాడి దగ్గర ఐసు ముక్కలు అడిగి తెచ్చి, తువ్వాల్లో మూటకట్టి, అరగంట నొక్కిపట్టుకుని కూర్చునేది. మడత కుర్చీ, గొడుగు పట్టుకుని ప్రతి మ్యాచ్‌కీ తయారయ్యే అత్తగారు దేవుడమ్మ ఆ చేతిని చూసి, తన కూతురు ఇవాళ బాగా వేసిందని మురిసిపోయేది. కోడలికి నొప్పిగా ఉందా అని మాత్రం ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. సుమతి కూడా ఆ వాపును నగలా చూసుకునేది కాబట్టి పట్టించుకోలేదు.

ఈ ఏడాది జూన్ నుంచి ఆ చెయ్యి ఎర్రబడడం మానేసింది.

మొదట ఎండ తక్కువనుకుంది. తర్వాత గ్లౌజు కొత్తదనుకుంది. ఆగస్టు నాటికి తనకు తాను అబద్ధం చెప్పుకోవడం కూడా విసుగెత్తిపోయింది. వేగంగా వెయ్యమని మోకాళ్ల మధ్య ఒక వేలు చూపిస్తే, వచ్చే బంతిలో పస ఉండేది కాదు. ఆడపడుచు భుజం అయిపోయిందని సుమతికి అర్థమైంది. నలుగురూ పసిగట్టేలోపు తనే ఒక ఎత్తు వేసింది, వేగం బంతి అడగడం మానేసి రెండు వేళ్లు చూపించడం మొదలుపెట్టింది. రెండు వేళ్లంటే నెమ్మది బంతి. అడిగి వేయించుకుంటే అది అశక్తత కాదు, తెలివి అవుతుంది కదా. చూసేవాళ్లు నిజంగానే తెలివనుకున్నారు. ఆ తెలివి ఈపో పట్నంలో జరిగిన ఫైనల్ దాకా లాక్కొచ్చింది, అక్కడ బోర్లా పడింది. అవతలి జట్టు ఆ నెమ్మది బంతుల్ని కాచుకుని కూర్చుని, ఆఖరి ఇన్నింగ్స్‌లో ఉతికి ఆరేసింది.

ఇప్పుడు డిసెంబరు. ఏడాది ముగిసేలోపు వచ్చే సీజన్లకు జట్టు జాబితా పంపాలి. ఒకసారి పేరు రాశారంటే రెండు సీజన్లు మార్చడానికి లేదు. పైగా కౌలాలంపూర్‌లో ఒక పెద్ద క్లబ్బు మోహనప్రియను తమ దగ్గరికి వచ్చెయ్యమని కబురు పెట్టింది, ఆమె ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. కోచ్ సన్యాసికి నిద్ర పట్టడం లేదు. బడిలో డ్రిల్లు మాస్టరుగా పనిచేసి రిటైరైన మనిషి, ఊళ్లో అందరికీ మావ. కొబ్బరిపాల ఫ్యాక్టరీ గేటు దగ్గర సుమతిని పట్టుకుని, ఆదివారం సంతకాలు పెట్టించేద్దాం, నీ ఆడపడుచు పేరు ముందు రాసేస్తానన్నాడు.

సుమతి మోటారుసైకిల్ హెల్మెట్ చేతిలో పట్టుకుని లెక్క వేసుకుంది. రాస్తే రెండేళ్లు. ఇవాళ అమ్మవారని మొక్కుతున్న నోళ్లే వచ్చే ఏడు ఛీ అంటాయి. జట్టు మునుగుతుంది, పిల్ల పరువూ మునుగుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

"పేరు సూసి రాయకు మావా, సెయ్యి సూసి రాయి," అంది. "ఆదివారం దాకా ఆగు. నానే వచ్చి సెప్తాను."

సన్యాసికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. కెప్టెన్ మాట కాబట్టి సరేనని వెళ్లిపోయాడు.

ఆ శనివారం రాత్రి భోజనాల దగ్గర సుమతి ఊరగాయ సీసాను అలవాటుగా మోహనప్రియ వైపు జరిపింది. ఆమె అలవాటుగా మూత తీసి ఇచ్చింది. మే నెలలో తెలుక్ ఇంతాన్ ఊళ్లో ఆడిన మ్యాచ్‌లో సుమతి ఎడమ బొటనవేలు ఒకసారి వెనక్కి మడత పడింది. నాలుగు రోజులు పట్టీ చుట్టుకుంది, వాపు తీసింది. మూతలూ గట్రా కాస్త ఇబ్బందే అయినా, ఆ మాత్రానికి ఊరంతా టముకు వేసుకోవడం ఎందుకని ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి ఆమె మనసు వేలి మీద లేదు. వదినగా మొహమాటపడితే కెప్టెన్‌గా చచ్చినట్టేనని ఒకటే అనుకుంటూ పడుకుంది.

తెల్లారగానే ఇద్దరూ బడి మైదానానికి వెళ్లారు. రాత్రి వానకు గడ్డి తడిసి ఉంది. మైదానంలో ఇంకెవరూ లేరు. సుమతి డొంకతిరుగుడు లేకుండా మొత్తం చెప్పేసింది. జూన్ నుంచి చెయ్యి ఎర్రబడని సంగతి చెప్పింది, రెండు వేళ్లు ఎందుకు చూపించిందో చెప్పింది, భుజం పోయినవాళ్లకు రెండేళ్ల చోటు ఇవ్వలేనని చెప్పింది.

"ఇప్పుడు పది బంతులేయ్. నీకున్న బలమంతా పెట్టు," అంది. "నా సెయ్యి ఎర్రబడితే నీ పేరు ముందు రాయిస్తాను. లేకపోతే రాయనివ్వను. మొగుడు సెప్పినా ఇనను, అత్త ఏడ్చినా ఇనను."

మోహనప్రియ ఏడుస్తుందనుకుంది సుమతి. అరుస్తుందేమోననుకుంది. ఆమె రెండూ చెయ్యలేదు. వదిన మొహం కేసి కాకుండా, గ్లౌజు కేసి చూసింది.

"వద్దొదినా. నా మాటిను లా," అంది, ఆ దేశపు ఊతపదం తగిలించి.

"ఏయ్."

మోహనప్రియ వెనక్కి నడిచి గీత మీద నిలబడింది. చెయ్యి తిప్పింది. బంతి వదలడం సుమతికి కనిపించింది, రావడం కనిపించలేదు. గ్లౌజులో పటేల్మని పేలింది, బొటనవేలు వెనక్కి విరుచుకుపోయింది, గ్లౌజు ఊడి ఒక పక్క, బంతి ఇంకో పక్క పడ్డాయి. సుమతి తడిగడ్డిలో కూలబడింది. నొప్పికి కాసేపు కళ్లు బైర్లు కమ్మాయి.

మోహనప్రియ పరుగున వచ్చి ఎదురుగా చతికిలబడి, ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు.

"మే నెల కాణ్ణించి ఈ ఏలు సూస్తన్నాను. సీసా మూత తియ్యలేవు, తడిబట్ట పిండలేవు. ఎవులికీ సెప్పనేదు నువ్వు. నాను గట్టిగా ఏస్తే ఈ ఏలు ఉంటాదా? అందుకే తగ్గించినాను. నువ్వూ రెండు వేళ్లు సూపించినావు. నొప్పెడతంది, నెమ్మదిగా ఏయ్ అని అడగతన్నావనుకున్నాను."

సుమతి తన చెయ్యి చూసుకుంది. అరచెయ్యి ఎర్రగా కందింది, పొంగడం మొదలైంది. జూన్ నుంచి ఎదురుచూసిన ఎరుపు అది. సంతోషించాల్సిందే. కానీ ముందు ఒళ్లు మండింది. వదిన ఆడపడుచు మీద జాలిపడింది, ఆడపడుచు వదిన మీద జాలిపడింది, ఇద్దరూ కలిసి కప్పు తీసుకెళ్లి పరాయివాళ్ల చేతిలో పెట్టి వచ్చారు. జట్టులో మిగతా పదముగ్గురు ఏం పాపం చేశారు? ఏడాదిపాటు ఎండలో వాళ్లు పరుగెత్తింది ఈ ఇద్దరి ముద్దుమురిపాల కోసమా? ఆ కోపం మోహనప్రియ మీద నిమిషం నిలిచింది, తర్వాత తన మీదికే తిరిగింది. వేలు దాచుకున్నది తనే.

లేచి, గ్లౌజు ఏరుకుని తొడుక్కుంది.

"ఇంకా తొమ్మిదున్నాయి. తగ్గించినావంటే ఇక మనకి మాటల్లేవు."

మోహనప్రియ తగ్గించలేదు. పదిలో మూడు బంతులు సుమతి చేతిలో నిలిచాయి. ఏడు జారిపోయాయి, అందులో ఒకటి వెనక మురుక్కాలవ దాకా పోయింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగినా లెక్క మాత్రం తప్పలేదు.

మధ్యాహ్నం సన్యాసి మావ ఇంటి వరండాలో జట్టంతా చేరింది. దేవుడమ్మ కుర్చీ వేసుకుని కూతురి పక్కన కూర్చుంది. సన్యాసి కాగితం పరిచి, కలం మూత తీసి, మోహనప్రియ సంగతి ఏం తేల్చావని కెప్టెన్‌ను అడిగాడు.

"మొదటి పేరు మోహనప్రియదే రాయి. దాని సెయ్యి ఎప్పట్లాగే ఉంది," అంది సుమతి. "బంతి పట్టేదాని చోట మాత్రం వసంతి పేరు రాయి. మే నెల కాణ్ణించి నా ఏలు బాగోనేదు."

వరండాలో కలకలం రేగింది. వసంతి ఇరవై నాలుగేళ్ల పిల్ల, సుమతితోపాటే కొబ్బరిపాల ఫ్యాక్టరీలో పని. రెండేళ్లుగా ప్రాక్టీసులో బంతి పడుతోంది గానీ మ్యాచ్ ఆడింది లేదు. తనకి తెలుగు సరిగ్గా అర్థంకాక, పక్కవాళ్లను తమిళంలో అడిగి తెలుసుకుని బిత్తరపోయింది. సన్యాసి అయితే కెప్టెన్ ఉండాల్సిందేనని, వేలు నెలరోజుల్లో నయమవుతుందని, ఇంకోసారి ఆలోచించమని బతిమాలాడు. ఏడు నెలల్లో నయం కానిది నెలలో అవుతుందా? సుమతి ఎడమచెయ్యి తీసుకెళ్లి, అరచెయ్యి పైకి కనపడేలా ఆ కాగితం మీదే పెట్టింది. వేలి మొదలు నల్లగా కమిలి ఉంది.

"సెయ్యి సూసి రాయమన్నాను గదా మావా. సూడు."

దేవుడమ్మ కుర్చీలోంచి లేచి వచ్చింది. కాగితం మీద చేతిని ఎత్తి, అద్దాలు సవరించుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇన్నాళ్లూ బంతి ఏసిన సెయ్యే సూసినాను," అంది. "పట్టిన సెయ్యి సూణ్ణేదు నాను."

ఆ మాటకు సుమతి గుండె కరిగిపోయింది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు, మాటా వెనక్కి తీసుకోలేదు.

మోహనప్రియ మొండికేసింది. వదిన లేని జట్టులో తను ఉండనంది, సంతకం పెట్టనంది. కౌలాలంపూరుకు ఇన్నాళ్లూ జవాబు చెప్పకపోవడానికి కారణం కూడా అదేనట. సుమతి కలం తీసి ఆమె చేతిలో పెట్టింది.

"పెట్టకపోతే కౌలాలంపూరే పో, నవ్వుతా పంపుతాను. ఎక్కడాడినా సరే గానీ, ఒకళ్ల మీద జాలితో నెమ్మదిగా మాత్రం ఏయకు."

మోహనప్రియ కొంగుతో ముక్కు తుడుచుకుని సంతకం పెట్టింది. దాని కింద వసంతి పెట్టింది. సుమతి తన గ్లౌజు వసంతి ఒళ్లో పడేసి, రేపటినుంచి పని కాగానే మైదానానికి రమ్మంది.

జనవరి రెండో వారానికి వసంతి గొంతుకూర్చునే తీరు కుదిరింది. ఆ సాయంత్రం మోహనప్రియ మొదటిసారి పూర్తి బలంతో వేసింది. సుమతి కంచె దగ్గర నిలబడి చూసింది. ప్రతి చప్పుడుకీ ఖాళీగా ఉన్న తన ఎడమచెయ్యి దానంతటదే ముడుచుకుంది. ఇరవై బంతుల్లో పద్దెనిమిది నిలిచాయి. ఆట ఆపగానే వసంతి గ్లౌజు లాగేసి, చెయ్యి మండిపోతోంది అక్కా అని తమిళంలో మొత్తుకుంటూ వచ్చింది.

సుమతి ఆ అరచేతిని వెలుతురుకి తిప్పి చూసింది. ఎర్రగా కంది, అప్పుడే పొంగుతోంది. అసూయ కలిగింది, దాచుకోవడం ఎందుకు. ఆ అసూయతోపాటే, ఈసారి కప్పు మనదే అన్న ధైర్యం కూడా కలిగింది. పిల్లను గట్టు మీద కూర్చోబెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని, ఐస్ కచాంగ్ బండి దగ్గరికి నడిచింది.